ఏడూ యాభై

రైల్వే లైను ఇన్‌స్పెక్టరు జయప్రకాష్ బీటు పుస్తకాన్ని వెనక నుంచి ముందుకు తిప్పుతున్నాడు. డిసెంబరు, నవంబరు, అక్టోబరు. తిప్పేకొద్దీ ఆయన కనుబొమలు పైకి పోతున్నాయి. బల్లకు ఇవతల నిలబడిన కీమెన్ ఆదినారాయణ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని ఆ కనుబొమల్నే చూస్తున్నాడు. అవి జుట్టును అందుకునేలోపు ఏదో ఒకటి తేలుతుందని అతనికి అర్థమైంది.

“ఏమప్పా ఆదినారాయణా, నీకు వాచీ ఉందా?”

“ల్యాదు సార్.”

“మరి ఇదేంది? గేటు దగ్గర సంతకం రోజూ ఏడూ యాభై. దీపావళి మరుసటి రోజు ఏడూ యాభై. తుపాను పట్టి మూడు రోజులు విడవకుండా వాన కురిసిందే, అప్పుడూ ఏడూ యాభై. నువ్వు మనిషివా, గడియారానివా?”

ఆదినారాయణ నవ్వాడు. మెచ్చుకుంటున్నాడనుకున్నాడు పాపం. ధర్మవరం నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన ఈ కుర్ర ఇన్‌స్పెక్టరు వారం దినాల్లోనే తన పని కనిపెట్టేశాడని సంతోషపడ్డాడు కూడా.

“నవ్వద్దు. వాచీ లేని మనిషి ఏడు కిలోమీటర్లు నడిచి రోజూ ఒకే నిమిషానికి గేటు చేరేది యాడన్నా ఉంటుందా? నడిచేవాడి పుస్తకం ఇట్లుండదు. ఒకరోజు ఐదు నిమిషాలు ముందుంటుంది, ఒకరోజు పది నిమిషాలు వెనకుంటుంది. నువ్వూ ఆ గేటు ఆంజనప్పా నెలకొకసారి కూర్చుని ఒకే పెన్నుతో రాసేస్తున్నారు. నడిచేది లేదు, పాడూ లేదు.”

ఆదినారాయణ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. దాన్ని ఎలా తీసెయ్యాలో తెలియక కాసేపు అలాగే ఉంచుకున్నాడు. మీటరు గేజీ నాటి నుంచి ఇరవై ఒక్క ఏళ్ళుగా అతని పని ఒకటే. పొద్దున ఆరింటికి పెనుకొండ స్టేషన్లో బయలుదేరాలి. పట్టాను కింద అడ్డంగా పరిచిన స్లీపర్లకు బిగించి ఉంచే కీలలను చూసుకుంటూ, వదులైనవాటిని సుత్తితో కొట్టి బిగిస్తూ హిందూపురం వైపు ఏడు కిలోమీటర్లు నడవాలి. అక్కడ రోడ్డు పట్టాలు దాటేచోట ఆంజనప్ప కాపలా ఉండే గేటు. పుస్తకంలో సంతకం పెట్టించుకుని, రెండో పట్టా చూసుకుంటూ వెనక్కి రావాలి. మొత్తం పద్నాలుగు కిలోమీటర్లు. జ్వరం వచ్చినప్పుడు సెలవు పెట్టాడు గాని, బీటు సగంలో వదిలి ఇంటికి పోయిన రోజు ఒక్కటి లేదు.

“నడుస్తాండా సార్,” అన్నాడు. ఇంకా చాలా చెప్పాలని ఉంది. గొంతులోకి అంతే వచ్చింది. “రోజూ నడుస్తాండా.”

“రుజువేముంది?”

పుస్తకమే కదా రుజువు. ఆ పుస్తకమే అబద్ధమంటున్నాడు.

“సోమవారం నుంచి సుత్తి వేరేవాళ్ళకిస్తా. నువ్వు గ్యాంగులోకి పో,” అంటూ ఇన్‌స్పెక్టరు మెమో కాగితం బల్ల మీద ఇటువైపు జరిపాడు.

గ్యాంగు పనికి ఆదినారాయణ భయపడేవాడు కాదు. కంకర ఎత్తడం, పట్టాలు మోయడం అన్నీ చేసి వచ్చినవాడే. కానీ కీమెన్ సుత్తి తీసుకున్నారంటే ఎందుకు తీసుకున్నారని లైను పొడుగునా అడుగుతారు. నడవకుండా నడిచానని రాసుకున్నాడట అని చెప్పుకుంటారు. దాన్ని మోయడం అతని వల్ల కాదు.

అప్పుడే అతని కళ్ళు గోడ మీద పడ్డాయి. అక్కడ పచ్చ రంగు కాగితం అతికించి ఉంది. ఆదివారం హిందూపురం నుంచి పెనుకొండకు మారథాన్ పరుగు. నలభై రెండు కిలోమీటర్లు. పొద్దున ఆరింటికి మొదలు. ఆరు గంటల లోపల చేరినవారికి సర్టిఫికెట్. దాన్ని అతికించింది ఇన్‌స్పెక్టరే. కాలేజీ రోజుల్లో పరుగుల్లో కప్పులు కొట్టినవాడు, ఈ పరుగులోనూ ఉన్నాడని ఆఫీసంతటికీ తెలుసు.

“సార్, ఆ పరుగుకి నేనూ వస్తా,” అన్నాడు ఆదినారాయణ.

ఇన్‌స్పెక్టరు గోడ వైపు చూశాడు, ఆదినారాయణ వైపు చూశాడు, గట్టిగా నవ్వాడు. “పద్నాలుగు నడవనోడు నలభై రెండు పరిగెత్తుతాడా?”

“వస్తా సార్.”

“సరే. పన్నెండు లోపల పెనుకొండ చేరితే ఈ మెమో నేనే చించేస్తా. చేరకపోతే సోమవారం పొద్దున మారు మాట లేకుండా సుత్తి ఇయ్యి. సరేనా?”

“సరే సార్,” అని బయటికి వచ్చి పది అడుగులు వేశాక, తనేమన్నాడో ఆదినారాయణకు తెలిసింది. నలభై నాలుగేళ్ళ వయసులో, పరుగంటే బస్సు కోసం తప్ప ఎరగని మనిషి నలభై రెండు కిలోమీటర్లు ఒప్పుకుని వచ్చాడు.

*

ఆ సాయంత్రం యల్లక్క వసారాలో కూర్చుని పట్టుపురుగులకు మల్బరీ ఆకు తరుగుతోంది. మొగుడు చెప్పిందంతా కత్తి ఆపకుండానే విన్నది.

“నడవల్యా అన్నాడా? నిన్ను?” అంది చివరికి. “నా పెండ్లయినప్పటి నుంచి నిన్ను నేను కూర్చుంటే చూడల్యా. ఆ మాట నాకాడికి వచ్చి అనమను.”

“నీకాడికెందుకొస్తాడే? పరిగెత్తమన్నాడు.”

“నువ్వు పరిగెత్తేది నేను చూడల్యా. ఏదీ, ఒకసారి పరిగెత్తు చూస్తాం.”

ఆదినారాయణ పంచె ఎగ్గట్టి వీధిలో ఆ చివరి వరకు పరిగెత్తి వచ్చాడు. వచ్చేసరికి యల్లక్క ఆకు, కత్తి పక్కన పెట్టి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఎదురింటివాళ్ళు కూడా గడపలో నిలబడి నవ్వుతున్నారు.

“ఏమయ్యా అది? కాలిన నేల మీద కోడి పోయినట్ల పోతాండావు!”

తప్పు కాళ్ళది కాదు, పట్టాలది. ఇరవై ఒక్క ఏళ్ళుగా స్లీపరు మీద నుంచి స్లీపరు మీదికి వేసిన అడుగు అది. ఆ స్లీపర్ల ఎడం మామూలు మనిషి అడుగుకు కొంచెం తక్కువ, రెండేసి దాటాలంటే చాలా ఎక్కువ. అందుకే పట్టాల మీద కొత్తగా నడిచేవాళ్ళు పది నిమిషాల్లో అలిసిపోతారు. పాతవాళ్ళకు కాళ్ళే మారిపోతాయి. ఆదినారాయణ ఇప్పుడు సంతకు పోయినా, పెళ్ళి ఊరేగింపులో నడిచినా అడుగు అంతే పడుతుంది. రెండు అంగుళాలు అటూ ఇటూ కాదు.

మరునాడు బీటు దిగాక రోడ్డు మీద పెద్ద పెద్ద అంగలు వేసి చూశాడు. ఫర్లాంగుకే ఊపిరి ఎగదన్నింది. పక్కటెముకల కింద పట్టేసింది. శుక్రవారం మళ్ళీ చూశాడు, మళ్ళీ అంతే. ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చుని, నా వల్ల కాదే అన్నాడు. యల్లక్క సంగటి ముద్ద చేసి కంచంలో పెడుతూ, “నీది కాని అడుగు నీకెందుకు?” అంది. “నీ అడుగే నువ్వు వెయ్యి. రవ్వంత బిరీన వెయ్యి. అంతే గదా?”

ఆదినారాయణ ముద్ద మింగడం ఆపి ఆమె వైపు చూశాడు. ఇంత సులువైన మాట తనకు రెండు రోజులుగా ఎందుకు తట్టలేదో అని సిగ్గుపడ్డాడు. శనివారం బీటు దిగాక, పట్టాల పక్కనున్న కాలిబాట మీద తన పొట్టి అడుగునే తొందరగా వేస్తూ పోయాడు. ఊపిరి ఎగదన్నలేదు. ఇంటికి వచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

*

ఆదివారం పొద్దున ఆరింటికి హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్ ముందు డెబ్బై మంది దాకా నిలబడ్డారు. పోలీసు ఉద్యోగానికి తయారవుతున్న పిల్లలు, కాలేజీవాళ్ళు, బెంగుళూరు నుంచి వచ్చిన ఇద్దరు ముగ్గురు. అందరికీ నిక్కర్లు, బూట్లు. ఆదినారాయణకు పాత గుడ్డ బూట్లు, ఖాకీ ప్యాంటు, నడుముకు ఒక తువ్వాలు. తువ్వాలు కొసన యల్లక్క వేయించిన శనగవిత్తనాలు, బెల్లం గడ్డలు మూట కట్టి పంపింది. డిగ్రీ చదివే రేష్మ అనే అమ్మాయి అతని చొక్కాకు అరవై ఒకటో నంబరు గుచ్చింది.

“ఐదు కిలోమీటర్లకొకచోట మావాళ్ళుంటారు అంకుల్. మీ నంబరు, టైము రాసుకుంటారు. అన్నీ చివర్లో నా షీటు మీదికి వస్తాయి. పన్నెండుకి మూసేస్తాం.”

“వస్తానమ్మా,” అన్నాడు ఆదినారాయణ.

విజిలు వేయగానే అందరూ ఒక్కసారి దూకారు. జయప్రకాష్ తెల్ల బూట్లు ముందు వరసలో మెరుస్తూ పోయి మలుపు దగ్గర కనబడకుండా పోయాయి. ఊరు దాటేసరికి ఆదినారాయణ వెనక మిగిలింది ఒక కుక్క. అది కూడా కాసేపటికి విసుగుపుట్టి ఆగిపోయింది.

మొదట్లో నిజంగానే ఇబ్బందయింది. తారు రోడ్డు మీద స్లీపర్లు లేవు. కాలు ఎక్కడ పెట్టాలో కాలికి తెలియడం లేదు. ఒకసారి పొడుగు పడుతోంది, ఒకసారి పొట్టి పడుతోంది. రెండు కిలోమీటర్లు ఇలా తడుముకున్నాక, కళ్ళు సగం మూసి, రోడ్డు మీద స్లీపర్లు పరిచి ఉన్నట్టు అనుకున్నాడు. అంతే, కాళ్ళు వాటంతటవే దారిలో పడ్డాయి. నూరు అడుగులకు ఒక వేలు మడిచాడు. పది వేళ్ళు మడిస్తే వెయ్యి. మళ్ళీ మొదలు.

కాళ్ళకు పని దొరికింది గనక మనసు ఖాళీ అయింది. ఖాళీ అయిన మనసులోకి ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చున్నాడు. ఆదినారాయణ ఆయనతో వాదన మొదలుపెట్టాడు. ఆఫీసులో గొంతులోకి రాని మాటలన్నీ ఇప్పుడు వరసగా, ఎవరో రాసి ఇచ్చినట్టు వస్తున్నాయి. ‘సార్, ఆ తుపాను రోజు మీరు దుప్పట్లో ఉన్నప్పుడు నేను మోకాటి నీళ్ళలో ఉన్నా.’ ఈ మాట చాలా బాగుందనిపించింది. ఇంకో కిలోమీటరు దాకా దాన్నే తిప్పి తిప్పి చెప్పుకున్నాడు. పది కిలోమీటర్ల దగ్గర నీళ్ళు తాగేటప్పటికి మనసులోని ఇన్‌స్పెక్టరు తల దించుకున్నాడు. చాలకూరు దాటేసరికి చేతులు జోడించాడు. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర ‘తప్పయిపోయింది ఆదినారాయణా’ అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ‘పరవాల్యా సార్, చిన్నోళ్ళు మీరు’ అని ఆదినారాయణే ఓదార్చాడు. అంత సంతోషంగా అతను చాలా ఏళ్ళుగా లేడు. ఎండ ఇంకా వెచ్చగానే ఉంది. కందిచేలల్లో పనికి పోతున్న ఆడవాళ్ళు ఆగి చూస్తుంటే వాళ్ళకు చెయ్యి ఊపాడు.

ఇరవై అయిదు దాటాక ఎండ నెత్తికెక్కింది. ఎడమ బూటు లోపల బొటనవేలు మండడం మొదలైంది. దూరంగా పెనుకొండ కొండ కనబడింది. మొదట చూసినప్పుడు, ఇదిగో వచ్చేసింది ఊరు అనుకున్నాడు. పావుగంట పోయాక చూస్తే అది అక్కడే ఉంది. ఇంకో పావుగంటకూ అక్కడే ఉంది. అంత పెద్ద కొండ దగ్గరకు రాకుండా ఎలా ఉండగలదో అని దాని మీద కోపం వచ్చింది.

కొండ మీద కోపం వచ్చేసరికి మనసులోని ఇన్‌స్పెక్టరు తల ఎత్తాడు. ఎదురు మాట్లాడడం మొదలుపెట్టాడు. ‘ఎవరు పరిగెత్తమన్నారు నిన్ను? నేనా? నువ్వే కదా వస్తానన్నావు.’ దానికి జవాబు లేదు. ‘ఇరవై ఒక్క ఏళ్ళు నడిచావు సరే, ఎవరు చూశారు? చూసినవాళ్ళు లేనప్పుడు నడిచినా ఒకటే, నడవకపోయినా ఒకటే.’ దానికి అసలే లేదు. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర ఆదినారాయణకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, కళ్ళు తుడుచుకున్నాడు. చింతచెట్టు నీడ కనబడితే, ఈడ కూర్చుంటే ఏమవుతుంది అనుకున్నాడు. సుత్తే కదా, ఇనప ముక్క. ఇచ్చేస్తే పోతుంది. కానీ చేతివేళ్ళు ఆరు మడిచి ఉన్నాయి. పది అయ్యాక కూర్చుందాం అనుకున్నాడు. పది అయ్యేసరికి చెట్టు వెనక్కి పోయింది.

అక్కడి నుంచి లారీల గోల ఉంటుందని హైవే వదిలించి, పరుగును పక్క రోడ్డు మీదికి తిప్పారు. ఆ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు పోయాక, కల్వర్టు గోడ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి తెల్ల బూటు ఉంది, ఒక కాలిది పక్కన పడి ఉంది. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది.

మనసులో కాదు, నిజంగానే జయప్రకాష్.

“సార్! ఏమాయె సార్?”

“కాళ్ళు పట్టేసినాయప్పా. మొదట్లో తొందరపడితిని.” మాట కూడా సరిగ్గా రావడం లేదు. “నువ్వు... ఇంకా పరిగెత్తుతానే ఉండావా?”

ఆ మాటకు ఆదినారాయణకు ఎక్కడలేని బలం వచ్చింది. ముప్పై కిలోమీటర్ల వాదనలో రాని గెలుపు ఈ ఒక్క ప్రశ్నలో వచ్చింది. ఏమీ ఎరగనట్టు తువ్వాలు కొసన మూట విప్పి, ఉన్న బెల్లంలో సగం, గుప్పెడు విత్తనాలు ఆయన చేతిలో పెట్టాడు. “మెల్లగా నమలండి సార్. నీళ్ళు జాస్తి తాగద్దండి,” అని చెప్పి కదిలాడు. వెనక్కి తిరిగి చూడాలని చాలా అనిపించింది. చూడలేదు.

*

ముప్పై అయిదో కిలోమీటరు బల్ల ఆంజనప్ప గేటుకు నూరు గజాల ముందుంది. అక్కడి పిల్లలు “అరవై ఒకటి, పదీ యాభై నాలుగు!” అని అరిచి రాసుకున్నారు. ఇంకా ఏడు కిలోమీటర్లు. గంటకు పైగా టైముంది. ఎలా పోయినా పన్నెండు లోపలే. మెమో చినిగిపోయినట్టే అనుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఆంజనప్ప చక్రం తిప్పాడు. రెండు వైపులా గేట్లు దిగాయి.

“గూడ్సు వస్తాండాదప్పా!” అని అరిచాడు ఆంజనప్ప. గుడ్డ తలకు చుట్టుకుని జెండా పట్టుకుని ఉన్నాడు. పరిగెత్తేది ఎవరో పోల్చుకుని నోరు తెరిచాడు. “ఓర్నీ, ఆదినారాయణా! నువ్వేనా? ఈ రోడ్డు గుండా వస్తాండావేంది?”

“పట్టాల మీద పోనీరంట,” అన్నాడు ఆదినారాయణ. గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

వెనక నుంచి ఇద్దరు కాలేజీ పిల్లలు వచ్చారు. గేటును చూశారు, రైలు ఇంకా కనబడ్డం లేదు. వంగి కింద నుంచి దూరి అవతలికి పరిగెత్తారు. ఆంజనప్ప తిట్టిన తిట్లు వాళ్ళకు సగం కూడా అంది ఉండవు. మూడు నిమిషాలకు జయప్రకాష్ వచ్చాడు. బెల్లం పని చేసినట్టుంది, కుంటుతూనే అయినా పరిగెత్తుతున్నాడు. గేటును చూసి ఆగాడు. చేతి వాచీ చూసుకున్నాడు. ఆంజనప్ప తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని అటెన్షన్లో నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు ఆదినారాయణ వైపు చూడకుండా, ఒక చెయ్యి నేల మీద ఆనించి, వంగి, గేటు కింద నుంచి అవతలికి పోయాడు.

“సారే పోయినాడు గదప్పా,” అన్నాడు ఆంజనప్ప నెమ్మదిగా. “నువ్వు గూడ పో. నేను అట్ల తిరుక్కుంటా.”

ఆదినారాయణ వంగలేదు. ఈ గేటు దగ్గర సైకిళ్ళవాళ్ళను, గడ్డిమోపులవాళ్ళను, బడి పిల్లలను ఎంతమందిని తిట్టాడో లెక్క లేదు. ఈ బీటులోనే పట్టాల మధ్య నుంచి మూడుసార్లు చెప్పుల జతలు ఏరి గట్టున పెట్టిన చేతులవి. ఒక్క నిమిషమే కదా అన్నవాళ్ళ చెప్పులే మూడు జతలూ. “నా వల్ల కాదులే ఆంజనప్పా,” అన్నాడు. అనేసి, తన మాట విని తనకే దిగులేసింది.

ఆ గూడ్సు కూడా ఏం గూడ్సు! ఎక్కడో ఆగి, ఆలోచించుకుని, అరిచి, మళ్ళీ బయలుదేరి వచ్చింది. యాభై ఎనిమిది వ్యాగన్లు, ఒక్కొక్కటీ పేరు చెప్పి పరిచయం చేసుకుంటున్నట్టు దాటాయి. గేటు లేచేసరికి పదకొండు నిమిషాలు అయిందని ఆంజనప్ప గడియారం చూసి పుస్తకంలో రాసుకుంటూ చెప్పాడు. ఆ నిలబడ్డంలో ఆదినారాయణ కాళ్ళు కర్రలైపోయాయి.

లెక్క అతనికి తెలుసు. తన అడుగు ఎంతో, దానికి ఎంత సేపు పడుతుందో అతని కంటే తెలిసినవాళ్ళు లేరు. ఇంక పన్నెండు లోపల చేరడం జరిగే పని కాదు. సుత్తి పోయింది.

పోయిందని తెలిశాక కూడా పరిగెత్తడం ఎందుకో అతనికి వెంటనే అర్థం కాలేదు. ఒక వేలు మడిచాడు, రెండో వేలు మడిచాడు. రోడ్డు పక్కనే పట్టాలు వస్తున్నాయి. అవి తన పట్టాలు. ఆ తీగల స్తంభాల నంబర్లన్నీ తనకు కంఠస్థం. మూడో స్తంభం దగ్గర కీల ఎప్పుడూ వదులవుతుంది, ఏడో దాని దగ్గర కంకర కుంగుతుంది. బీటు సగంలో వదిలి ఏనాడూ పోలేదు, ఈ రోజు మాత్రం ఎందుకు పోవాలి? అలా అనుకునేసరికి మనసులో ఇన్‌స్పెక్టరు ఉన్నాడా అని వెతికాడు. లేడు. వాదన లేదు, జవాబు లేదు. అడుగుల చప్పుడొకటే ఉంది. గెలవాల్సిందేమీ మిగలలేదు గనక భయమూ మిగలలేదు. బొటనవేలు మండుతూనే ఉంది గాని అది ఎవరిదో వేలులా ఉంది. ఆదినారాయణకు ఊరికే నవ్వొచ్చింది. తల ఎత్తి చూస్తే, అంతసేపూ ఒక్క అంగుళం కదలని కొండ ఇప్పుడు నెత్తి మీదికి వచ్చి నిలబడి ఉంది.

*

పెనుకొండలో రిబ్బను చుట్టేశారు. షామియానా కుర్చీలు మడుస్తున్నారు. ఎదురుచూస్తున్నవాళ్ళు ఇద్దరే, బల్ల దగ్గర రేష్మ, బల్ల పక్కన ముంతతో యల్లక్క. మొగుణ్ణి దూరం నుంచే చూసి యల్లక్క లేచింది.

“కోడి వస్తాండాది చూడమ్మా!” అని రేష్మకు చూపించింది. ముంత మూత తీసి పట్టుకుంది.

“పన్నెండూ ఐదు అంకుల్,” అంది రేష్మ. “సర్టిఫికెట్ ఇవ్వడానికి లేదు. కానీ నేను రాసుకుంటా.” అరవై ఒకటో నంబరుకు ఎదురుగా చివరి గడిలో రాసింది.

ఆదినారాయణ మజ్జిగ ముంత ఎత్తి గుటగుటా తాగాడు. తాగాక చూస్తే, షామియానా నీడలో బెంచీ మీద జయప్రకాష్ పడుకుని ఉన్నాడు. ఛాతీ మీద సర్టిఫికెట్ ఉంది. ఆదినారాయణ దగ్గరకు పోయి నిలబడ్డాడు.

“సార్. ఐదు నిమిషాలు లేటయింది. సుత్తి యాడ ఇయ్యాల?”

ఇన్‌స్పెక్టరు కళ్ళు తెరిచాడు గాని అతని వైపు తిప్పలేదు. “రేపు గేటు దగ్గరికి తీసుకురా,” అన్నాడు.

*

సోమవారం పొద్దున ఆరింటికి పెనుకొండలో ముందురోజు పరిగెత్తినవాళ్ళు చాలామంది మంచం దిగలేక మూలుగుతున్న వేళకు, ఆదినారాయణ సుత్తి భుజాన వేసుకుని బయలుదేరాడు. మొదటి అర కిలోమీటరు కాళ్ళు తిట్టాయి, తర్వాత వాటికే అలవాటు గుర్తొచ్చింది. ఆఖరుసారి అనుకున్నాడు గనక ఏ కీలనూ వదల్లేదు. మూడో స్తంభం దగ్గర వదులైన దాన్ని రెండు దెబ్బలకు బదులు మూడు దెబ్బలు కొట్టి, దాని తల మీద చెయ్యి వేసి, “ఇంక బుద్ధిగా ఉండు,” అని చెప్పాడు.

గేటు దగ్గర ఆంజనప్ప స్టూలు మీద జయప్రకాష్ కూర్చుని ఉన్నాడు. కాళ్ళు రెండూ ఎదురుగా చాపుకుని, చేతిలో వాచీ పట్టుకుని ఉన్నాడు. ఆదినారాయణ దగ్గరకు వచ్చి నిలబడేదాకా వాచీనే చూశాడు. గదిలోని గోడ గడియారాన్ని ఆంజనప్పతో చూడమన్నాడు.

“ఏడూ యాభై సార్,” అన్నాడు ఆంజనప్ప.

ఇన్‌స్పెక్టరు జేబులోంచి కాగితం తీసి విప్పాడు. నిన్న రేష్మ చేతిలో ఉన్న షీటు అది. అరవై ఒకటో వరస మీద వేలు పెట్టి, ఆ వరసనే చదివాడు. “మొదటి ఐదు కిలోమీటర్లకు నలభై రెండు నిమిషాలు. రెండో ఐదుకి నలభై రెండు. మూడు, నలభై రెండు. రాత్రి దీన్ని మూడుసార్లు చూసినానప్పా. డెబ్బై మందిలో ఇట్లాంటి వరస ఇంకోటి లేదు. నాది చూస్తే నాకే సిగ్గేస్తాది.” వేలు జరిగి ఒకచోట ఆగింది. “ఎనిమిదో దాంట్లో మాత్రం యాభై మూడు. ఆ పదకొండు నిమిషాలు ఏమైనాయి?”

ఏమైనాయో ఆయనకు తెలుసు. అడిగినవాడు ఇన్‌స్పెక్టరు గనక ఆదినారాయణ జవాబు చెప్పాడు. “గేటు పడింది సార్.”

ఆంజనప్ప గేటు పుస్తకం తెచ్చి చూపించాడు. మూసింది పదీ యాభై అయిదు, తెరిచింది పదకొండూ ఆరు. పదకొండు నిమిషాలు. జయప్రకాష్ దాన్ని చూసి తల ఊపాడు.

“నేను నిలబడుంటే ఎనిమిది నిమిషాలు పోయేది,” అన్నాడు. “అప్పుడు నాదీ పన్నెండూ నాలుగు. ఆ సర్టిఫికెట్ పొద్దునే ఆ అమ్మాయికి తిరిగి పంపించినా.”

“అయినా నాకంటే ఒక నిమిషం ముందే గద సార్ మీరు,” అన్నాడు ఆదినారాయణ.

ఆంజనప్ప దగ్గు తెచ్చుకుని గదిలోకి పోయాడు. ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. తర్వాత మెల్లగా నవ్వొచ్చింది. నవ్వుతూనే మెమో తీసి నాలుగు ముక్కలు చేశాడు.

ఆదినారాయణ రెండు చేతులతో సుత్తి ఆయన ముందుకు పట్టాడు. ఒప్పుకున్న మాట అలాగే ఉంది కదా. జయప్రకాష్ దాన్ని అందుకుని, గోడ పట్టుకుని లేచి, పట్టాల దగ్గరికి పోయి ఒక కీల మీద కొట్టాడు. దెబ్బ కీల మీద కాకుండా పట్టా మీద పడి, చెయ్యి జివ్వుమని గుంజింది. “నీ దగ్గరే ఉండనీ,” అని సుత్తి తిరిగి ఇచ్చాడు. “పద, నీ బీటు నేనూ చూస్తా. స్టేషను దాకా నడుద్దాం.”

“నడుస్తారా సార్? ఏడు కిలోమీటర్లు.”

“ఏం, నువ్వు నడవల్యా?”

మొదటి స్లీపరు మీద కాలు పెట్టగానే జయప్రకాష్ అమ్మా అన్నాడు. రెండో దాని మీద పెట్టాక పళ్ళు బిగించాడు. ఆదినారాయణ తన అడుగుతో పది స్లీపర్లు ముందుకు పోయి వెనక్కి తిరిగి చూశాడు. ఆగాడు. ఇరవై ఒక్క ఏళ్ళలో మొదటిసారి తన అడుగు తగ్గించుకుని, ఆయన భుజం తన భుజానికి అందేలా పక్కన నడిచాడు. ఏ స్తంభం దగ్గర ఏముందో చెప్తూ పోయాడు.

రోజూ తొమ్మిదీ నలభైకి స్టేషను చేరే మనిషి ఆ రోజు చేరేసరికి పదకొండూ పది అయింది. పుస్తకం తెరిచి స్టేషను మాస్టరు టైము రాయబోతూ ఆగిపోయాడు. “ఏమప్పా, నీ పుస్తకంలో ఇట్లాంటి టైము నేను చూడల్యా. ఆలస్యానికి కారణం ఏమని రాయాల?”

ఆదినారాయణ నోరు తెరిచేలోపు జయప్రకాష్ బెంచీ మీద కూలబడి, చెయ్యి చాపి పుస్తకం తీసుకున్నాడు. తన ఎర్ర సిరా పెన్నుతో, తన సంతకంతో రాశాడు: “ఇన్‌స్పెక్టరు నడవలేకపోయినందువల్ల.”